షిప్పు వెళ్లిపోయింది, అవార్డు వచ్చింది, డబ్బు మాత్రం కోర్టులోనే ఉంది

ఎడిటర్ గారికి నమస్కారం.

మూలపేట, మచిలీపట్నం, రామాయపట్నం పోర్టుల పనులు ఎక్కడిదాకా వచ్చాయో మీ పేపర్లో తరచూ వేస్తున్నారు, చదువుతున్నాం, సంతోషమే. బెర్తు పొడవెంత, లోతెంత తవ్వారు, ఖర్చెంత, అన్నీ వస్తున్నాయి. కానీ రేపు ఆ పోర్టులకి వచ్చే షిప్పుల మీదో సరుకు మీదో గొడవ వస్తే, ఆ గొడవ తేలాక డబ్బు మనిషి చేతికి ఎప్పుడొస్తుంది అన్న ముక్క మాత్రం ఎక్కడా కనపడటం లేదు. నేను విశాఖలో షిప్పింగ్ ఏజెన్సీ ఆఫీసుల్లో చాలా ఏళ్లు లేటైమ్ లెక్కలు, అంటే సరుకు ఎక్కించడానికీ దించడానికీ షిప్పుకి రాసుకున్న టైం లెక్కలు, వేసిన మనిషిని. లాయర్ని కాదు. కానీ నేను వేసిన లెక్కల షీట్లు ఆర్బిట్రేషన్‌కి అంటే కోర్టు బదులు ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తుల దగ్గరికి వెళ్లి, అవార్డులై, అంటే వాళ్ల తీర్పులై, ఆ అవార్డులు కోర్టుల్లో ఏళ్ల తరబడి పడి ఉండటం చూశాను కాబట్టి రాస్తున్నాను. కొంచెం పొడవైంది, వీలైనంత వేయండి.

అసలు గొడవ ఎలా మొదలవుతుందో తెలియనివాళ్ల కోసం చెప్తా. అరవై వేల టన్నుల బొగ్గుతో ఒక షిప్పు విశాఖ వచ్చింది అనుకుందాం. రోజుకి ఇరవై వేల టన్నులు దింపుతాం అని చార్టర్ పార్టీలో, అంటే షిప్పు అద్దె కాగితంలో, రాసుకున్నారు, అంటే మూడు రోజులు టైం. బెర్తు ఖాళీ లేక, బొగ్గు తోడే గ్రాబ్ చెడిపోయి, వ్యాగన్లు రాక అయిదు రోజులు పట్టింది. ఆ ఎక్కువైన రెండు రోజులకి షిప్పు ఓనరుకి కట్టాల్సినదే డెమరేజ్. రోజుకి పదిహేను వేల డాలర్లు రాసుకుని ఉంటే ముప్పై వేల డాలర్లు, మన డబ్బులో పాతిక లక్షల పైమాటే, అదీ ఒక్క షిప్పుకి. ఇంక అక్కడినుంచి వాదన మొదలు, షిప్పు రెడీ అని కెప్టెన్ నోటీస్ ఆఫ్ రెడినెస్ ఇచ్చింది ఎన్ని గంటలకి, అప్పటికి షిప్పు నిజంగా రెడీగా ఉందా, వాన పడ్డ గంటలు తీసేయాలా వద్దా, ఆదివారం లెక్కలోకి వస్తుందా రాదా. ఈ లైన్లో పాత రూల్ ఒకటుంది, ఒకసారి డెమరేజ్ మొదలైతే మధ్యలో వానొచ్చినా సెలవొచ్చినా కాంట్రాక్టులో వేరేగా రాసుకుంటే తప్ప మీటర్ ఆగదు. అందుకే మొదటి కొన్ని గంటల మీద అంత కొట్లాట. ఇవి పెద్ద రహస్యాలేం కాదు, స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్, అంటే షిప్పు రేవులో ఉండగా ఏ గంటకి ఏం జరిగిందో రాసిన కాగితం, ముందు పెట్టుకుని తెలిసినవాళ్లు ముగ్గురు కూర్చుంటే తేలే లెక్కలే.

తెలిసినవాళ్లు తేల్చాలనే కాంట్రాక్టులో ఆర్బిట్రేషన్ క్లాజు పెడతారు. షిప్పులకైతే ఎక్కువగా లండన్, ఈ మధ్య సింగపూర్, అమెరికా సరుకైతే న్యూయార్క్. ధాన్యం, పశువుల దాణా అయితే గాఫ్టా, నూనె గింజలైతే ఫోస్ఫా, రెండూ లండన్ సంఘాలే. ఇక్కడ మన కాంట్రాక్టర్లకీ పోర్టులకీ మధ్య గొడవలైతే మన దేశంలోనే ఆర్బిట్రేటర్‌ని పెట్టుకుంటారు. వాళ్లు కాగితాలు చూసి, రెండు వైపులా విని, ఫలానావాడు ఫలానావాడికి ఇంత కట్టాలి అని అవార్డు ఇస్తారు. అక్కడితో వాళ్ల పని అయిపోయింది. ఆర్బిట్రేటర్ దగ్గర అమీనా ఉండడు, బ్యాంకు ఖాతా జప్తు చేసే అధికారం ఉండదు. ఓడినవాడు మర్యాదగా కడితే సరే, కట్టకపోతే ఆ అవార్డు పట్టుకుని మళ్లీ కోర్టు మెట్లు ఎక్కాల్సిందే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు అంటారే, మా షిప్పింగ్ వాళ్ల దగ్గర ఈ సామెత వినపడని రోజు ఉండేది కాదు.

ఒక్కో దేశంలో దీనికి ఒక్కో పద్ధతి. అమెరికాలో 1925 నాటి ఫెడరల్ ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం గెలిచినవాడు ఏడాది లోపల కోర్టుకి వెళ్లి అవార్డుని కన్ఫర్మ్ చేయమని అడుగుతాడు, రద్దు చేయించుకోవాలనుకున్నవాడు మూడు నెలల్లోనే నోటీసు ఇవ్వాలి, ఇవ్వకపోతే ఇక నోరెత్తడానికి ఉండదు. బయటిదేశం అవార్డయితే కన్ఫర్మ్ చేయించుకోవడానికి మూడేళ్లు. మన దగ్గర 1940 ఆర్బిట్రేషన్ చట్టం ఉన్న రోజుల్లో ఇక్కడి అవార్డుని కోర్టులో దాఖలు చేసి జడ్జి గారు డిక్రీగా, అంటే కోర్టు తీర్పుగా, మారిస్తేనే దానికి ప్రాణం. ఆ దశలోనే అన్నీ ఇరుక్కుపోయేవి. 1981లో జస్టిస్ డి.ఎ.దేశాయ్ గారు ఒక తీర్పులో, ఈ చట్టం కింద కేసులు నడుస్తున్న తీరు చూసి లాయర్లు నవ్వుకుంటున్నారు, న్యాయశాస్త్రం ఆలోచించేవాళ్లు ఏడుస్తున్నారు అని రాశారు. ఆ తర్వాత 1996 చట్టం వచ్చింది. ఇప్పుడు ఇక్కడ ఇచ్చిన అవార్డుకి విడిగా కోర్టు ముద్ర అక్కర్లేదు, మూడు నెలల్లో, గట్టి కారణం చూపిస్తే ఇంకో ముప్పై రోజుల్లో, 34వ సెక్షన్ కింద సవాలు చేయకపోతే అదే డిక్రీతో సమానం. బయటిదేశం అవార్డయితే హైకోర్టుకి వెళ్లాలి, 48వ సెక్షన్‌లో చెప్పిన కొద్దిపాటి కారణాలు లేకపోతే జడ్జి గారు అది అమలు చేయదగ్గదే అని తేలుస్తారు, 49వ సెక్షన్ ప్రకారం అప్పటినుంచి అది ఆ కోర్టు డిక్రీయే. దీని వెనకాల బయటిదేశాల అవార్డుల్ని అమలు చేయడానికి దేశాలు రాసుకున్న 1958 న్యూయార్క్ ఒప్పందం ఉంది, మన దేశం 1960లోనే దానికి ఒప్పుకుంది.

కాగితం మీద చూస్తే అంతా బాగుంది. జరిగింది ఏంటో చూడండి.

సెంట్రోట్రేడ్ అనే విదేశీ కంపెనీ మన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ కాపర్‌కి రాగి కాన్సెంట్రేట్, అంటే మట్టి తీసేసి చిక్కబరిచిన రాగి ఖనిజం, అమ్మింది. 1996లో కాంట్రాక్టు, పదిహేను వేల అయిదు వందల టన్నులు, కాండ్లా పోర్టులో డెలివరీ, అక్కడినుంచి రాజస్థాన్ ఖేత్రీ ప్లాంటుకి. సరుకు వచ్చింది, డబ్బు కూడా ముట్టింది, గొడవంతా తడి తీసేశాక సరుకు బరువు ఎంత అన్నదాని మీద. ముందు ఇక్కడి ఆర్బిట్రేటర్ 1999లో ఏమీ రాదన్నారు. కాంట్రాక్టులో రెండో అంచె, అంటే మొదటి అవార్డు నచ్చకపోతే ఇంకో ఆర్బిట్రేషన్ అడిగే వీలు, ఉంది కాబట్టి లండన్ వెళ్లారు, 2001 సెప్టెంబర్‌లో అక్కడ సెంట్రోట్రేడ్‌కి అనుకూలంగా అవార్డు వచ్చింది. అక్కడినుంచి అమలు కోసం కలకత్తా హైకోర్టు, ఆ తర్వాత సుప్రీంకోర్టు. 2006లో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. ముగ్గురు జడ్జీల బెంచికి వెళ్తే రెండంచెల ఆర్బిట్రేషన్ మన చట్టంలో చెల్లుతుందా అన్న ఒక్క ప్రశ్న 2016లో తేలింది. మిగతాది 2020 జూన్‌లో తేలింది, అవార్డు అమలు చేయాల్సిందే అని. సరుకు కొన్నప్పటినుంచి లెక్కేస్తే ఇరవై నాలుగేళ్లు. అవార్డు వచ్చినప్పటినుంచి చూసినా పద్దెనిమిదేళ్లు దాటింది. రాగి బరువు మీద గొడవకి!

ఇందులో ఇంకో నష్టం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. 1996లో డాలర్ ముప్పై అయిదు రూపాయల దగ్గర ఉండేది, 2020 నాటికి డెబ్బై అయిదు. డాలర్లలో అవార్డు వస్తే కేసు సాగిన కొద్దీ ఓడినవాడి రూపాయల బిల్లే పెరుగుతుంది, దాని పైన వడ్డీ. ప్రభుత్వ సంస్థ అయితే ఆ పెరిగిందంతా మన జేబులోంచే. 2024లో డీఎల్ఎఫ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మారకం సంగతి తేల్చింది, అవార్డు మీద అభ్యంతరాలు తేలి అది అమలుకి వచ్చిన రోజు రేటు చూడాలి, కానీ మధ్యలో కోర్టులో డిపాజిట్ చేసిన డబ్బుకి మాత్రం డిపాజిట్ చేసిన రోజు రేటే లెక్క. అంటే ముందే డబ్బు కోర్టులో కట్టేసినవాడు తనని తానే కాపాడుకున్నట్టు. ఇంత చిన్న విషయం మన సంస్థల ఫైనాన్స్ వాళ్లకి ఎందుకు ఎక్కదో నాకు అర్థం కాదు.

రెండోది వేరుశనగ కేసు, రాయలసీమ వాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. దేశస్థాయి వ్యవసాయ మార్కెటింగ్ సహకార సంస్థ నాఫెడ్ 1980లో అలిమెంటా అనే స్విస్ కంపెనీకి అయిదు వేల టన్నుల పల్లీ గింజలు అమ్ముతానని ఒప్పుకుంది. సౌరాష్ట్రలో పంట దెబ్బతిని పంతొమ్మిది వందల టన్నులే వెళ్లాయి. మిగిలింది తర్వాతి సీజన్లో పంపిస్తాం అని ఇంకో కాగితం రాసుకున్నారు, ఈలోపు ప్రభుత్వం పాత సీజన్ సరుకు ఎగుమతికి ఒప్పుకోం అంది. లండన్ ఫోస్ఫాలో 1989లో నాఫెడ్ నష్టపరిహారం కట్టాలని అవార్డు. ఢిల్లీ హైకోర్టు 2000లో అమలు చేయొచ్చు అంది. సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కుదరదు అంది, ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగుమతి చేయమనడం మన చట్టానికే విరుద్ధం అని. ఆ తీర్పు మీద లాయర్లు రెండు రకాలుగా మాట్లాడతారు, నేను దాని జోలికి పోను. నేను అడిగేది వేరు. కుదరదు అని చెప్పడానికైనా నలభై ఏళ్లు ఎందుకు? అదే మాట 1992లో చెప్పుంటే నాఫెడ్‌కి మంచిదే, అలిమెంటాకీ ఆశ వదులుకుని వేరే దారి చూసుకోవడానికి వీలుండేది.

ఇది పాత కథ అని వదిలేయకండి. 2022 సెప్టెంబర్‌లో కేంద్రం నూకల ఎగుమతి ఆపేసింది, 2023 జులైలో తెల్ల బియ్యం ఆపేసింది. కాకినాడలో బార్జీల మీద బియ్యం మోసుకెళ్లి, సముద్రంలో లంగరేసే చోట, అంటే యాంకరేజ్‌లో షిప్పులకి ఎక్కించే వ్యాపారం ఎంత పెద్దదో గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు, ఆఫ్రికా దేశాలకి వెళ్లే బియ్యంలో చాలాభాగం అక్కడిదే. ఇలా ఉన్నట్టుండి బ్యాన్ వస్తే షిప్పు ఆగుతుంది, డెమరేజ్ నడుస్తుంది, కొన్నవాడు సరుకు రాలేదంటాడు, అమ్మినవాడు నా తప్పేముంది గవర్నమెంటు ఆపింది అంటాడు, అది గాఫ్టాకి వెళ్తుంది. 2024 నవంబర్‌లో స్టెల్లా ఎల్ షిప్పు రేషన్ బియ్యం గొడవలో కాకినాడ దగ్గర నెలపైన నిలబడిపోవడం అందరూ టీవీల్లో చూశారు. ఆ కేసులో తప్పెవరిది అన్నది నా విషయం కాదు, షిప్పు నిలబడితే రోజుకి ఇంత అని ఎవరో ఒకరి ఖాతాలో పడుతూ ఉంటుంది, అది టీవీలో కనపడదు.

మూడోది కేంద్ర ప్రభుత్వ వ్యాపార సంస్థ ఎంఎంటీసీ కోకింగ్ కోల్ కేసు, అంటే ఉక్కు తయారీకి వాడే బొగ్గు. 2007లో ఆంగ్లో అమెరికన్ కంపెనీతో దీర్ఘకాల కాంట్రాక్టు, 2008లో టన్ను మూడు వందల డాలర్ల లెక్కన రేటు కుదిరింది, ఆ వెంటనే ప్రపంచం అంతా మాంద్యం వచ్చి బొగ్గు రేటు పడిపోయింది. ఎంఎంటీసీ చాలా కొద్ది సరుకే తీసుకుంది. 2014లో ఆర్బిట్రేటర్లలో ఎక్కువమంది దాదాపు ఏడు కోట్ల ఎనభై ఏడు లక్షల డాలర్లు కట్టాలన్నారు. ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి 2015లో సరే అన్నారు, డివిజన్ బెంచి 2020 మార్చిలో కొట్టేసింది, అదే ఏడాది డిసెంబర్‌లో సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. అయిపోయిందా అంటే లేదు, ఎగ్జిక్యూషన్‌లో అంటే డబ్బు వసూలు దశలో, అసలు వ్యవహారంలోనే ఫ్రాడ్ జరిగిందని ఇంకో వాదన మొదలుపెట్టారు. గెలిచాక కూడా గెలుస్తూనే ఉండాలన్నమాట.

మీ పాఠకుల్లో కొందరు అనొచ్చు, విదేశీ కంపెనీలకి డాలర్లు కట్టడం ఆలస్యమైతే మనకేం నష్టం అని. కొంచెం ఆలోచించండి. మనతో కాంట్రాక్టు రాసుకునేవాడు ఈ ఆలస్యాన్ని ముందే రేటులో కలుపుకుంటాడు. ఇండియా వాళ్లతో గొడవొస్తే ఇరవై ఏళ్లు అని తెలిసినవాడు ఫ్రైట్, అంటే షిప్పు కిరాయి, కొంచెం ఎక్కువే అడుగుతాడు, బ్యాంకు గ్యారంటీ అడుగుతాడు, అడ్వాన్సు అడుగుతాడు. ఆ ఎక్కువ కట్టేది స్టీల్ ప్లాంటు, ఎరువుల కంపెనీ, ఆక్వా ఎక్స్‌పోర్టరు, చివరికి మనం. పైగా ఇది విదేశీయుల గొడవ ఒక్కటే కాదు. పోర్టు చుట్టూ ఎంతమంది చిన్నవాళ్లు బతుకుతున్నారు, షిప్పుకి కూరగాయలు మంచినీళ్లు ఇచ్చే షిప్ చాండ్లర్లు, టిప్పర్ల ఓనర్లు, లేబర్‌ని పెట్టి హోల్డు క్లీనింగ్ చేయించేవాళ్లు, బార్జీల వాళ్లు. వీళ్లకీ పైవాళ్లకీ కాంట్రాక్టుల్లో ఆర్బిట్రేషన్ క్లాజే ఉంటుంది.

నాకు బాగా తెలిసిన ఒకాయన ఇలాంటి చిన్న హ్యాండ్లింగ్ కాంట్రాక్టరు. పేర్లు వద్దు. పెద్ద కంపెనీ దగ్గర రావాల్సిన బిల్లుల కోసం ఆర్బిట్రేషన్‌కి వెళ్లాడు, గెలిచాడు, అవార్డు కాపీ తెచ్చి మా అందరికీ స్వీట్లు పంచాడు. ఆ కంపెనీ అవార్డు కొట్టేయమని 34వ సెక్షన్ కింద పిటిషన్ వేసింది, ఓడింది, 37వ సెక్షన్ కింద అపీలు వేసింది, అదింకా నడుస్తోంది. ఈలోపు ఆయన టిప్పర్లు ఫైనాన్స్ వాళ్లు పట్టుకెళ్లారు. ఇప్పుడు డబ్బు వచ్చినా ఆ వ్యాపారం లేదు. ఆయన చేసిన పనిలో తప్పేమీ లేదు అని రెండుచోట్ల తేలింది, అయినా ఆయనే మునిగాడు. ఇది నాకు మింగుడు పడటం లేదు, అందుకే ఈ ఉత్తరం.

ఆయన మొదట్లోనే సూక్ష్మ చిన్న పరిశ్రమల కింద రిజిస్టర్ చేసుకుని ఆ చట్టం కిందే చిన్నవాళ్ల బాకీల గొడవలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లుంటే కొంత మేలు జరిగేది. 2006 నాటి ఆ చట్టం 19వ సెక్షన్‌లో, కొన్నవాడు అవార్డుని సవాలు చేయాలంటే ముందు అవార్డు డబ్బులో 75 శాతం డిపాజిట్ చేయాలి, చేయకపోతే కోర్టు ఆ పిటిషన్ తీసుకోనే తీసుకోదు. పోర్టు చుట్టూ సప్లై, సర్వీస్ చేసే చిన్నవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఎవరైనా ఈ ఉత్తరం చదువుతుంటే దయచేసి చిన్న పరిశ్రమగా ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకోండి, అదీ కాంట్రాక్టు మీద సంతకం పెట్టకముందే, గొడవ వచ్చాక పరిగెత్తితే పాత కాంట్రాక్టుకి పనికిరాదు.

కోర్టులు అవార్డుల్ని అసలు చూడకూడదు అని నేను అనను. ఆర్బిట్రేటర్ మనిషే, ఒకవైపు వాదన వినకుండా ఇచ్చేవాళ్లు ఉంటారు, కాంట్రాక్టులో లేనిది ఇచ్చేవాళ్లు ఉంటారు. తూత్తుకుడి పోర్టుకీ అక్కడి కంటైనర్ టెర్మినల్ కంపెనీకీ మధ్య వచ్చిన అవార్డుని 2021లో సుప్రీంకోర్టు నిలబెట్టలేదు, పోర్టు ఒప్పుకోని కొత్త కాంట్రాక్టుని ఆర్బిట్రేటర్లే రాసి దాని నెత్తిన పెట్టారు అని. అలాంటివి కొట్టేయాల్సిందే. నేను అనేది ఒక్కటే, నిలబెట్టినా కొట్టేసినా త్వరగా చేయండి, చేసేదాకా డబ్బు ఓడినవాడి దగ్గర కాకుండా కోర్టు దగ్గర ఉంచండి.

1996 చట్టంలో ఇది లేదా అంటే ఉంది. 34వ సెక్షన్‌లోనే, నోటీసు అందిన రోజునుంచి ఏడాదిలో తేల్చాలి అని 2015 సవరణలో పెట్టారు. తేల్చకపోతే ఏమవుతుందో మాత్రం రాయలేదు, కాబట్టి ఏమీ అవ్వటం లేదు. అంతకుముందైతే ఇంకా ఘోరం, పిటిషన్ వేస్తే చాలు అవార్డు దానంతటదే ఆగిపోయేది, 2015 తర్వాత అది పోయింది, ఇప్పుడు స్టే కావాలంటే విడిగా అడగాలి, కోర్టు డబ్బు కట్టమనొచ్చు. 2019లో పార్లమెంటు 87వ సెక్షన్ అని ఒకటి తెచ్చి పాత కేసులకి మళ్లీ ఆటోమేటిక్ స్టే ఇచ్చే ప్రయత్నం చేసింది, అదే ఏడాది హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మంచిదే జరిగింది. కానీ ఎంత డిపాజిట్ చేయించాలి, ఏ షరతు మీద గెలిచినవాడికి ఇవ్వాలి అన్నది ఒక్కో కోర్టులో ఒక్కోలా ఉంటోంది.

అసలు జబ్బు ఇంకోచోట ఉంది, అది ఆఫీసుల్లో. ప్రభుత్వ సంస్థలో అవార్డు వ్యతిరేకంగా వస్తే కట్టేద్దాం అని ఫైలు మీద రాసే ధైర్యం ఏ ఆఫీసరుకీ ఉండదు. కట్టేస్తే రేపు ఆడిట్ వాళ్లు అడుగుతారు, విజిలెన్స్ వాళ్లు అడుగుతారు, అపీలుకి ఎందుకు వెళ్లలేదు నీకేమైనా ముట్టిందా అని. అపీలు వేస్తే ఎవరూ అడగరు. పదేళ్ల తర్వాత వడ్డీతో కలిపి మూడింతలు కట్టాల్సి వచ్చినా అప్పటికి ఆ ఆఫీసరు రిటైర్ అయిపోయి ఉంటాడు. నేను ఆ ఆఫీసర్లని తిట్టడం లేదు, వాళ్లలో చాలామందికి అవార్డు కరెక్టే అని లోపల తెలుసు, నాతోనే టీ తాగుతూ అన్నవాళ్లు ఉన్నారు. వాళ్లకి రక్షణ కావాలి. ఒప్పుకుని కట్టేయడం మేలు అని లీగల్ కమిటీ చెప్తే ఆ సంతకం పెట్టినవాణ్ణి తర్వాత ఎవరూ వేధించకూడదు, ఆ వ్యవస్థ గట్టిగా రావాలి.

దీనికి సగం మందు ఇప్పటికే ఉంది. 2016లో కేంద్ర క్యాబినెట్ కమిటీ నిర్మాణ రంగం కోసం ఒక నిర్ణయం చేసింది, తర్వాత 2021లో కేంద్ర ప్రభుత్వ ఖర్చుల రూల్స్ అయిన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 227ఎ అని రూల్‌గా కూడా పెట్టారు, అవార్డుని సవాలు చేసినా సరే అవార్డు డబ్బులో 75 శాతం, బ్యాంకు గ్యారంటీ తీసుకుని, గెలిచినవాడికి ఇచ్చేయాలి. ఎంత మంచి రూల్ అది! దీన్ని పోర్టు అథారిటీలు, స్టీల్, బొగ్గు, ఎరువుల సంస్థలు షిప్పింగ్ అవార్డులకి కూడా సాకులు చెప్పకుండా పాటిస్తే సగం కేసులు వాటంతటవే తగ్గుతాయి, ఎందుకంటే డబ్బు చేతిలోంచి పోయాక టైంపాస్ అపీళ్లు ఎవరు వేస్తారు. కానీ కేంద్ర ఆర్థిక శాఖ 2024 జూన్‌లో వేరే దారి పట్టింది, ప్రభుత్వ కొనుగోళ్ల కాంట్రాక్టుల్లో ఆర్బిట్రేషన్ క్లాజు మామూలుగా పెట్టొద్దు, పెడితే పది కోట్ల లోపు గొడవలకే పెట్టండి అని ఆఫీసులకి రాసింది. ఆర్బిట్రేషన్ తీసేస్తే గొడవ పోదు కదండీ, నేరుగా సివిల్ కోర్టుకి పోతుంది, అక్కడ ఎన్నేళ్లు పడుతుందో వేరే చెప్పాలా.

ఇంక మన కోస్తా సంగతి. షిప్పుల కేసుల్లో ఒక ప్రత్యేకత ఉంది, ఓనరు అని చెప్పుకునే కంపెనీ పనామాలోనో లైబీరియాలోనో మార్షల్ దీవుల్లోనో ఒక కాగితం మీద ఉంటుంది, దానికి ఉన్న ఆస్తి ఆ ఒక్క షిప్పే. అది వెళ్లిపోతే మీ చేతిలో అవార్డు ఉన్నా గోడకి తగిలించుకోవాల్సిందే. కాబట్టి షిప్పు రేవులో ఉండగానే అరెస్టు చేయించి, దాన్ని విడిపించుకోడానికి ఓనరు ఇచ్చే సెక్యూరిటీని కోర్టులో పెట్టించుకోవాలి. ఈ అధికారం మన హైకోర్టుకి ఉందా అన్న ప్రశ్న దేశం మొత్తానికి తేలింది మన విశాఖ కేసులోనే. ఎం.వి.ఎలిజబెత్ అనే షిప్పు గోవాలో సరుకు ఎక్కించుకుని బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు ఎక్కించుకున్నట్టు ఇచ్చే రసీదు, ఇవ్వకుండా వెళ్లిపోయింది, 1984లో విశాఖ రేవుకి వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆర్డరుతో అరెస్టు చేశారు. ఇంగ్లీషు వాళ్ల కాలంలో ఆ అధికారం కలకత్తా, బొంబాయి, మద్రాసు కోర్టులకే ఉంది, మీకు లేదు అని ఓనర్లు వాదించారు. 1992లో సుప్రీంకోర్టు అదేం కుదరదు, మీ హైకోర్టుకీ అధికారం ఉంది అంది. ఆ తర్వాత 2017లో వచ్చిన షిప్పుల కేసుల అడ్మిరాల్టీ చట్టంలో, అంటే 2018 ఏప్రిల్ నుంచి అమలైనదాంట్లో, హైదరాబాద్ హైకోర్టు పేరు కూడా రాశారు, 2019లో మన హైకోర్టు అమరావతికి వచ్చింది.

ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో ఇవాళ పరిస్థితి ఏంటంటే, షిప్పు అరెస్టు కావాలన్నా, లండన్ అవార్డు అమలు కావాలన్నా విశాఖ లాయరు కాగితాలు పట్టుకుని అమరావతి పరిగెత్తాలి. ఆన్‌లైన్ ఫైలింగ్ వచ్చి కొంత నయమే కానీ షిప్పు రాత్రి రెండింటికి సెయిల్ అవుతుంటే మధ్యాహ్నం బెంచి దొరకడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుసు. ఇక్కడి అవార్డుల మీద 34 పిటిషన్లకి విశాఖలో కమర్షియల్ కోర్టు ఉంది, అది మంచి విషయం, కానీ అక్కడికి మూడు లక్షలు దాటిన ప్రతి కమర్షియల్ గొడవా వస్తుంది, మిషన్ల సప్లై, లీజులు, ఫ్రాంచైజీలు అన్నీ, వాటి మధ్య షిప్పింగ్ అవార్డు కూడా ఒక ఫైలు అయిపోయింది.

నేను అడిగేది కొండంత కాదు. హైకోర్టులో అడ్మిరాల్టీ, ఆర్బిట్రేషన్ అమలు కేసులకి వారంలో ఒక రోజు కేటాయించండి, ఆ రోజు విశాఖ వాళ్లు వీడియోలో వాదించుకునే వీలు ఇవ్వండి, అర్జెంటు షిప్పు అరెస్టుకి కేసు వెంటనే వినమని ఏ టైంలో ఎవరికి మెన్షన్ చేయాలో రాతపూర్వకంగా ఒక పద్ధతి పెట్టండి. 34 పిటిషన్ మొదటి వాయిదాలోనే డిపాజిట్ సంగతి తేల్చండి, ఏడాది దాటితే ఎందుకు దాటిందో ఆర్డర్ షీట్‌లో రాయండి. విశాఖలో హైకోర్టు బెంచి కావాలా వద్దా అన్న పెద్ద గొడవలోకి నేను వెళ్లటం లేదు, అది రాజకీయం, ఇవన్నీ బెంచి లేకుండానే చేయగలిగిన పనులు.

2025లో పార్లమెంటు షిప్పింగ్ చట్టాలన్నీ వరసపెట్టి మార్చింది, 1856 నాటి బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టం, 1908 పోర్టుల చట్టం, 1925 సముద్ర రవాణా చట్టం, 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టం, అన్నిటి బదులు కొత్తవి తెచ్చింది. కొత్త పోర్టుల చట్టంలో రాష్ట్రాల చేతిలో ఉండే పోర్టుల గొడవలకి రాష్ట్రస్థాయి కమిటీ అన్నారు, దాని మీద అపీలు హైకోర్టుకి. మూలపేట, మచిలీపట్నం, రామాయపట్నం అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. 2024 అక్టోబర్‌లో న్యాయశాఖ ఆర్బిట్రేషన్ చట్టానికి ఒక ముసాయిదా వదిలింది, అందులో అపీలు కూడా ఆర్బిట్రేటర్ల దగ్గరే చేసుకునే పద్ధతి ఒకటి చూపించారు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొన్ని పరిమిత సందర్భాల్లో కోర్టు అవార్డుని సవరించొచ్చు అంది, దానివల్ల చిన్న తప్పుకి మొత్తం అవార్డు కొట్టేసి మళ్లీ మొదటికి రావడం తప్పితే మంచిదే, కానీ సవరించమని అడిగే పేరుతో ప్రతివాడూ లెక్కలన్నీ మళ్లీ తిరగదోడతాడేమో అని నాకు భయం కూడా ఉంది. అంచెలు పెరిగేకొద్దీ ఏళ్లు పెరుగుతాయి, సెంట్రోట్రేడ్ కేసు మన కళ్లముందే ఉంది.

ఎడిటర్ గారూ, మీకు ఒక మనవి. మన హైకోర్టులో బయటిదేశం అవార్డుల అమలు పిటిషన్లు ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయి, విశాఖ, విజయవాడ కమర్షియల్ కోర్టుల్లో 34 పిటిషన్లు ఏడాది దాటినవి ఎన్ని, మన రాష్ట్రంలో ఉన్న కేంద్ర సంస్థలు 227ఎ కింద ఇప్పటిదాకా ఎంతమందికి 75 శాతం ఇచ్చాయి, ఈ మూడు లెక్కలు మీ విలేకరులు సమాచార హక్కు కింద అడిగి పేపర్లో వేయండి. మా దగ్గర పాత టైమ్ షీట్లు, అవార్డు కాపీలు చదివి అర్థం చెప్పగలిగిన రిటైర్డ్ వాళ్లం కొంతమందిమి ఉన్నాం, మీ విలేకరి వస్తే కూర్చుని వివరంగా చెప్తాం.

ఇట్లు,
మీ పాఠకుడు,
పాత పోస్టాఫీసు ఏరియా, విశాఖపట్నం